ఎండలో పెట్టిన గిన్నె

చెర్రీ కలపకు ఒక గుణముంది. చెక్కినప్పుడు లేత రంగులో ఉంటుంది, ఎండ తగిలితే ఎర్రబారుతుంది. ఎండ పడకుండా దేనితో కప్పినా, ఆ మేరకు తెల్లగానే మిగిలిపోతుంది. ఆరోన్‌కి ఇదంతా కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం!

ఆదివారం కూతురి బాప్తిస్మం. నీళ్లు తను చేసిన గిన్నెలోనే ఉండాలని ముచ్చటపడి, భార్య జాయ్స్‌నీ పాస్టరు గారినీ ఒప్పించి, పుప్పాలగూడ ఫ్లాటు బాల్కనీలో కలపను తిప్పుతూ చెక్కే చిన్న లేత్ మిషను పెట్టుకున్నాడు. ఆఫీసు కాల్స్ మధ్య నెల్లాళ్లు తంటాలు పడ్డాడు. మొదటి ముక్క పగిలింది. రెండోదానికి ఉలి జారి చిల్లుపడింది. ఆఖరి ముక్క ఎలాగో గిన్నె అయింది. గరుకు కాగితంతో నున్నగా రుద్ది, అవిసె నూనె పట్టించి, గురువారం పొద్దున టెర్రస్ మీద ఎండలో బోర్లించాడు.

సాయంత్రానికి చక్కటి ఎరుపు వచ్చింది. ఒక పక్కన మాత్రం ఐదు తెల్లటి చారలు. వేళ్లు. పొద్దంతా ఎవరో చెయ్యి వేసుకుని కూర్చున్నట్టు.

అతనికి ఒళ్లు మండిపోయింది. వాచ్‌మన్ బాలనర్సయ్య మీద విరుచుకుపడ్డాడు.

"నేనెందుకు ముడ్తా సార్? పొద్దుగాల టెర్రస్‌కు తాళం ఏసి, చెవి మీరే తీస్కపోయిండ్రు గదా!"

నిజమే, తాళంచెవి జేబులోనే ఉంది. దాంతో చిరాకు రెట్టింపయింది. పళ్లు కొరుకుతూ మళ్లీ రుద్దాడు, మళ్లీ నూనె పట్టించాడు. శుక్రవారం సాయంత్రం చూస్తే మళ్లీ అవే వేళ్లు. మళ్లీ రుద్దాడు. గిన్నె అంచు అట్టముక్కంత పల్చబడింది. ఇంకోసారి రుద్దితే చిల్లే.

శనివారం సెలవు. ఎవడొస్తాడో చూద్దామని గిన్నె ముందే కుర్చీ వేసుకున్నాడు. పావురాల గురగుర, ఎదురు టవర్ మీద క్రేను మూలుగు, ఎండకు కాగుతున్న నూనె వాసన.

పావురాలు లేచిపోయాయి. క్రేను ఆగింది.

గిన్నె మీద ఏ నీడా పడలేదు. అతను రెప్ప వేయలేదు. అయినా... కలప ఎర్రబారుతుంటే, ఐదు చోట్ల రంగు ఎక్కడం లేదు. కళ్లముందే. ఒక వేలు... ఇంకో వేలు... ఒక్కోటీ జానెడు పొడుగు.

లేచి తాకాడు. గిన్నె కాలుతోంది. ఆ చారలు మాత్రం చల్లగా ఉన్నాయి.

నెల్లాళ్ల కష్టం! ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గిన్నెను ఎత్తి నేలకేసి కొట్టాడు. నాలుగు ముక్కలైంది. స్టీలు గిన్నె చాల్లే అనుకుంటూ, మెట్లు దిగి ఇంట్లోకి వచ్చాడు.

బాల్కనీలో అత్తగారు విమల గారు, పాపను ఒళ్లో బోర్లా వేసుకుని ఉన్నారు. ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది.

"బాబూ, ఇటు రండి. రోజూ నూనె రాసి కాసేపు ఎండలో పడుకోబెడుతున్నాను కదా, రంగు తగ్గిందనుకున్నానండి. కానీ ఇదేంటి... జాయ్స్ కూడా చెయ్యి వెయ్యలేదంటోంది."

కమిలిన చిన్న వీపు మీద, ఈ చివర నుంచి ఆ చివరకు, ఐదు తెల్లటి చారలు.

ఆరోన్ వేలు పెట్టి చూశాడు.

చల్లగా ఉన్నాయి.