తెల్లామె మోరి

జిన్నారం నుంచి పటాన్‌చెరు పొయ్యే తొవ్వల, మూతవడ్డ రంగుల ఫ్యాక్టరీ దాటినంక తొవ్వ కింద వాన నీళ్లు పొయ్యే మోరి ఒకటి ఉండె. అందరు దాన్ని తెల్లామె మోరి అంటుండ్రి. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్ల ఒక కూలామె రంగు తొట్టిల వడి సచ్చిపోయిందట. అప్పటి సంది చీకట్ల బండి పోతే ఎంబడి వస్తదని, పేరు వెట్టి పిలుస్తదని చెప్పుకుందురు. ఎనకకు తిరిగినా, "ఆఁ" అని పలికినా... ఇగ అంతే.

నాకీ సంగతి చెప్పింది యాదన్న. పటాన్‌చెరుల కార్ల మెకానిక్. జరిగింది మాత్రం చిన్నరాములుకు. జిన్నారంల డీజిల్ అంబాసిడర్ కిరాయికి నడిపేటోడు.

తొంభై మూడుల, డిసెంబరు నెల. వారం సంది ఆ కారు రేడియేటర్ల నీళ్లు రోజు తగ్గుతుండె. కిందనేమో చుక్క కారది. నీళ్లు యాడికి పోతున్నయో తెల్వది. "తీసుకరా, సూస్త" అని యాదన్న రెండుసార్లు చెప్పిండట. ఈయన రోజు పొద్దున ఒక డబ్బ నీళ్లు పోసుడు, తిరుగుడు.

ఆనాడు ఇంక తెల్లారలే. నాలుగున్నర అయితుండొచ్చు. పక్కింటి ఎంకమ్మ తలుపు కొట్టింది. బిడ్డ దేవమ్మకు నొప్పులు వస్తున్నయ్. తొలి కాన్పు. అల్లుడు సత్తయ్య రాత్రి షిఫ్టుకు పోయిండు. చిన్నరాములు ఇద్దర్ని ఎక్కించుకొని ఎల్లిండు. తొవ్వల సత్తయ్య కంపెనీ గేటు కాడ జెర ఆపి, వాచ్‌మన్‌కు చెప్పిండు — "సత్తయ్యను పటాన్‌చెరు దవఖానకు రమ్మను. మేం పోతున్నం." ఆగనీకె టైం లేదు. దేవమ్మ తల్లి చెయ్యి గట్టిగ వట్టుకొని మూలుగుతున్నది.

మూతవడ్డ ఫ్యాక్టరీ గోడ వచ్చింది. ఆడికెళ్లి ఎత్తు. ఇంజన్ వణకవట్టింది. ఎంత తొక్కినా బండి గుంజుతలేదు.

చిన్నరాములు అద్దంల సూసిండు.

ఎనక... తెల్లగ, మనిషంత ఎత్తు. కారుతోనే వస్తున్నది. కారు మెల్లగైతే అదీ మెల్లగైతున్నది. దాని నడుమల ఒక మసక ఎలుగు... ఒక్కటే కన్ను లెక్క.

మోరి ఇంక వంద గజాలు.

అప్పుడు పిలుపు వినవడ్డది.

"రాములన్నా..."

ఇంజన్ మోతల సగం సగమే వినవడ్డది. అయినా పేరు మాత్రం సాఫ్.

"రాములన్నా... ఆగే..."

ఎంకమ్మ ముందుకు వంగి, ఆయన చెవుల అన్నది — "పలుకకు బిడ్డా. ఎనకకు సూడకు. పోనియ్యి."

దేవమ్మ ఒక్కతే కండ్లు తెరిచింది. "ఎవరో పిలుస్తున్నరు అన్నా..."

"ఎవరు లేరమ్మా," అన్నడు చిన్నరాములు. అద్దాన్ని చేత్తోని పక్కకు తిప్పేసిండు. కాలు మొత్తం అదిమిండు. మోరి కాడి వంకర తిరిగినంక ఇంకొక్కసారి పిలుపు వచ్చింది. ఆ తర్వాత రాలే.

దవఖానకు చేరేసరికి ఆయన అంగి తడిసి ముద్దయింది, ఆ చలిల. పొద్దు పొడిచే యాళ్లకు దేవమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్ల మంచిగున్నరు. "ఆయన రాలేదా?" అని అడిగిందట. "షిఫ్టు ఇడిసినంక వస్తడు," అని చెప్పి, వణుకుతున్న బండిని చిన్నరాములు నేరుగ యాదన్న షెడ్డుకు తోలిండు.

తెల్లామె ఎంట వడ్డదని మొత్తం చెప్పిండు. యాదన్న బానెట్ లేపిండు. బండి స్టార్ట్ చేయమన్నడు. ఎనక నుంచి తెల్లటి పొగ, మబ్బు లెక్క, షెడ్డంత నిండింది. యాదన్న పొగగొట్టం కాడ అరచెయ్యి వెట్టి తీసి సూపిచ్చిండు. చెయ్యి తడితడి. రేడియేటర్ మూత తీస్తే నీళ్లల్ల బుడబుడ బుగ్గలు వస్తున్నయ్. ఆయిల్ పుల్ల గుంజి సూస్తే, నల్లగ ఉండాల్సిన ఆయిల్ పాలెక్కువైన చాయ లెక్క ఉన్నది.

"హెడ్ గాస్కెట్, గదే ఇంజన్ తల కింది పట్టీ, కాలింది తమ్మీ. నీళ్లు ఇంజన్ లోపలికి పోయి, ఆవిరై ఎనక నుంచి ఎల్తున్నయ్. ఎత్తు మీద తొక్కితే ఇంకెక్కువ. చలిల ఇంకా చిక్కగ. హెడ్ ఇప్పి, లేత్ మీద సాపు చేయించి, కొత్త గాస్కెట్ ఎయ్యాలె. మూడొద్దుల పని." యాదన్న చెయ్యి తుడుసుకున్నడు. "గిదే నీ తెల్లామె."

చిన్నరాములు నవ్విండట. కండ్లల్ల నీళ్లు వచ్చేదాక నవ్విండట. పానం తిరిగి వచ్చినట్టయింది.

ఆ నవ్వు మధ్యలనే ఆగింది.

"యాదన్నా... పొగ పిలువదు కద?"

యాదన్న ఇంజన్ బంద్ చేసిండు. "ఆ ఎలుగు ఒక్కటే ఉండెనా?" అని మెల్లగ అడిగిండు యాదన్న. "ఒక్క లైటు... మోపెడుకు ఉన్నట్టు?"

చిన్నరాములు షెడ్డు బయటికి ఉరికిండు. యాదన్న స్కూటర్ తీసిండు.

మోరి కాడికి పొయ్యేసరికి ఎండ వచ్చింది. వంకర కాడ మోరికి పిట్టగోడ లేదు. కింద గుంతల సత్తయ్య మోపెడు, దాని కింద సత్తయ్య. వాచ్‌మన్ చెప్పంగనే షిఫ్టు ఇడిసిపెట్టి ఎంబడే బయల్దేరిండట. కార్ల ఎక్కుదమని పిలుసుకుంట వచ్చిండు. పొగల తొవ్వ కనవడలే. ఒళ్లు అప్పటికే చల్లవడ్డది.

జనం జమైనరు. చిన్నరాములు నేల మీద కూసున్నడు, తల వట్టుకొని. ఎవరో అన్నరు — "పడంగనే పోయి ఉంటడు. బాధ తెలిసి ఉండదు."

సైకిల్ మీద పాలు పోసే ముసలాయన ఒకడు గుంత దిక్కు సూస్తనే ఉన్నడు. తల తిప్పకుంటనే అన్నడు.

"కాదు బిడ్డా, పడంగనే పోలే. నేను ఆరింటికి గీడికెళ్లే పోయిన. కింద నుంచి... పిలుస్తనే ఉండె." ఆయన తలపాగ తీసి చేతుల వట్టుకున్నడు. "తెల్లామెనే అనుకొని ఉరికిన."