ఊపిరి పట్టిన ఇంజను

సాలూరు బైపాసు పక్కన లారీ బాడీలు కట్టే షెడ్ల వరసలో తిరుమలరావుది చిట్టచివరి కొట్టు. ఇంజను కవర్లు, సైలెన్సరు గొట్టాలు, ఏవి తెచ్చి పడేసినా అద్దంలా చేసిచ్చేవాడు. మోటారుకు గుడ్డ చక్రం బిగించి మెరుపు తెప్పించడం అతని వంతు. ఆ మెరుపు పోకుండా కాపాడటం భార్య రాజకుమారి వంతు. ఒట్టి చేత్తో ముట్టుకుంటే ఆ చెమటకే లోహం నల్లబడుతుందని, పాత నూలుగుడ్డ చేతికి చుట్టుకుని మైనం రాసేది.

శ్రావణంలో ఒకనాడు గణపతిరావు అనే రైతు ఆటోలో ఒక బైకు ఇంజను వేసుకొచ్చాడు. బండి ఆయన కొడుకు ధనరాజ్‌ది. వేగావతి ఏరు పొంగినప్పుడు కాజ్‌వే దాటబోయి బండితో సహా కొట్టుకుపోయాడు. వరద తగ్గాక బండి ఇసకలో దొరికింది. కుర్రాడు దొరకలేదు.

"మావోడు దీన్ని రోజూ తుడిసీవోడు బాబూ. ఆడొచ్చీసరికి తళతళా మెరవాల. లోపల మాత్రం ఇప్పకు. ఆడే ఇప్పుకుంటాడు," అన్నాడు గణపతిరావు.

తిరుమలరావు ఇంజను దించుకున్నాడు.

మర్నాడంతా ముసురు. తిరుమలరావు గరుకు కాగితంతో మురికి దించి, చేతిమిషనుతో రుద్ది రుద్ది, పొద్దు వాలేసరికి ఇంజనుకు వెండిలాంటి నిగారింపు తెచ్చాడు. రాజకుమారి మైనం పట్టించడానికి కూర్చుంది. అప్పుడే కరెంటు పోయింది. తిరుమలరావు ఇంకో గొట్టానికి పట్టిన మిషను మోత ఆగిపోయి, రేకుల మీద వాన చప్పుడొక్కటే మిగిలింది. కొట్టంతా కిరసనాయిలు, పాలిష్ సబ్బు వాసన. ఆ వాసనలోకి మెల్లగా ఇంకోటి వచ్చి కలిసింది. ఏటి ఒండ్రు వాసన.

ఆమె ఫోను లైటు వేసి గుడ్డ అందుకుంది. ఇంజను పక్క కవరు మీద అరచేతంత మేర మంచు పట్టినట్టు మసకేసింది. తుడిచింది. మెరిసింది. మళ్ళీ మసకేసింది.

"మావా... ఇలా రా."

"తడిగాలి కదే. సెమ్మ పట్టుంటాది."

"సెమ్మయితే అంతటా పడతాది. ఇది సూడు... వస్తన్నాది, పోతన్నాది."

తిరుమలరావు వంగి చూశాడు. మసక కమ్మింది. ఆరింది. కమ్మింది. ఆరింది. నిద్రపోయే మనిషి ముక్కు దగ్గర అద్దం పెడితే ఎలా ఉంటుందో అలా. కాకపోతే ఆ ఊపిరి బయటనుంచి కాదు... లోపలనుంచి.

రాజకుమారి చెవి ఆనించింది. లోహం చల్లగా లేదు. లోపల ఎక్కడో నీళ్ళు గుడగుడమన్నాయి. ఆ తరవాత, గొంతు పూడుకుపోయిన మనిషి గుటక వేసిన చప్పుడు.

"లోపలున్నాడు," అంది గుసగుసగా. "ఇంకా ఉన్నాడు మావా. ఇప్పీ."

ఇప్పొద్దన్న మాట ఇద్దరికీ గుర్తుకైనా రాలేదు. తిరుమలరావు పానా వేసి పట్టాడు. బోల్టు కదల్లేదు. ఇంకోటి పట్టాడు. పానా జారి వేళ్ళు చితికాయి. సుత్తి దెబ్బలు వేశాడు. సుత్తే ఎగిరి వచ్చింది తప్ప కవరు చెక్కు చెదరలేదు. రాజకుమారి రోడ్డు మీదికి పరిగెత్తి కేకలు పెట్టింది. వానకు షెడ్లన్నీ మూసేసి ఉన్నాయి. లారీలు నీళ్ళు చిమ్ముకుంటూ పోయాయి. ఒక్కటీ ఆగలేదు.

తిరిగొచ్చేసరికి మసక చిన్నదైపోయింది. రూపాయి బిళ్ళంత... కమ్మడానికి చాలాసేపు పడుతోంది... ఆరడానికి క్షణం చాలు.

"పోతన్నాడు... మావా, పోతన్నాడు..."

ఇంజను మొత్తానికి ఊడి వచ్చింది ప్లగ్గు ఒక్కటే. ఆ కన్నంలోంచి చల్లని గాలి పైకి తన్నింది. దానితో పాటు ఒక్క మాట.

"గాలి..."

తిరుమలరావు ఇంకేం ఆలోచించలేదు. రెండు చేతులతో ఇంజనును వాటేసుకుని, ఆ కన్నానికి నోరు ఆనించి ఊదాడు. గుండెల్లో ఉన్నదంతా ఊదాడు. మళ్ళీ ఊదాడు. రాజకుమారి భుజం పట్టి లాగింది. అతను వదల్లేదు... వదల్లేకపోయాడు. పెదాలు లోహానికి అతుక్కుపోయాయి. ఇప్పుడు ఊదుతున్నది అతను కాదు. లోపలనుంచి ఏదో పీలుస్తోంది. చెంపలు లోతుకు పోయాయి. కళ్ళు తేలేశాడు. ఆమె కాళ్ళు నేలకు తన్నిపెట్టి, అరుస్తూ, ఏడుస్తూ లాగింది...

కరెంటు వచ్చింది. అతను వెల్లకిలా పడి, కాసేపటికి లేచి కూర్చున్నాడు. ఇంజను మీద మసక లేదు. మచ్చ లేదు. కళ్ళు చెదిరేలా మెరుస్తోంది.

తెల్లారి గణపతిరావు వచ్చాడు. మనిషి రాత్రికి రాత్రే వంగిపోయాడు.

"దొరికీసినాడు బాబూ. నిన్న సందేళ, ఏటి దిగువున. ఇన్నాళ్ళు నీళ్ళల్లో ఉన్నోడు... తీసినోళ్ళు ఏటన్నారో తెలుసా? ఒళ్ళింకా ఎచ్చగున్నాదన్నారు. ఓ గడియ ముందొస్తే బతికీవోడన్నారు."

తిరుమలరావు ఇంజను ఎత్తి ఆటోలో పెట్టాడు. దాన్ని కొడుకు పక్కనే పూడ్చిపెడతానని చెప్పి గణపతిరావు ఎక్కి కూర్చున్నాడు.

ఆటో కదిలింది. అప్పుడు చూసింది రాజకుమారి. ఇంజను కవరు మీద మసక కమ్మింది. ఆరింది. మళ్ళీ కమ్మింది. పక్కనున్న మొగుడి వైపు తిరిగింది. అతని ఛాతీ పొంగింది. దిగింది. మళ్ళీ పొంగింది. రెండూ ఒక్కసారే.

"ఆపండి! బాబూ, ఆపండి!"

హారన్లలో ఆమె కేక కలిసిపోయింది. పడుతూ లేస్తూ వెంట పరిగెత్తింది. ఆటో లారీల మధ్య దూరి, మలుపు తిరిగి, కనబడకుండా పోయింది.

వెనక్కి వచ్చేసరికి తిరుమలరావు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏటైనాదే? అలగ పరిగెట్టినావేటి?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

ఆమె అరచెయ్యి అతని నోటి ముందు పెట్టింది.

"సెప్పు మావా... ఏదోటి మాటాడు."

"ఏటి మాటాడమంతావు? నానిక్కడే ఉన్నాను కదే," అన్నాడు అతను, నవ్వుతూ.

అరచేతికి గాలి తగల్లేదు.