నవ్య తమ్ముడికి ప్లేట్‌లెట్లు

యూనివర్సిటీ లైబ్రరీ మెట్లమీద చినుకులు మొదలైనప్పుడు, ఎన్నడూ మాట్లాడని అమ్మాయి ఒకతె వచ్చి కరుణాకర్ ఎదుట నిలబడి, "మీ బ్లడ్ గ్రూప్ ఏంటి?" అని అడిగింది.

కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్న కరుణాకర్, స్నేహితులెవరో పందెం కట్టి పంపారనుకున్నాడు.

"ఓ పాజిటివ్. జాతకం గూడ కావాల్నా?"

ఆమె నవ్వలేదు. పేరు నవ్య అని, తార్నాకలో ఉంటామని, ఎమ్మెస్సీ చదువుతున్నానని గబగబా చెప్పింది. ఆరేళ్ల తమ్ముడు గిరీష్‌కి కామెర్లు ముదిరి లివర్ పాడైతే, మూడు నెలల క్రితం తల్లి శారద తన లివర్‌లో కొంత ఇచ్చింది. గండం గడిచిందనుకునేలోపే పిల్లాడి ఒంటినిండా నల్లటి మచ్చలు తేలాయి. కొత్త లివర్ బాగానే ఉంది. ఎముకల్లో రక్తం తయారుచేసే మూలుగ పనిచేయడం మానేసింది. ముందుముందు ఇంట్లోవాళ్ల మూలుగే ఎక్కించాల్సి రావచ్చు కాబట్టి, ఇప్పుడు వాళ్ల రక్తం వాడకూడదన్నారు డాక్టర్లు. గిరీష్‌దీ ఓ పాజిటివే, అందుకే రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల కోసం బయటివాళ్లను అడుగుతోంది.

కరుణాకర్‌కి తన వెటకారం తలుచుకుంటే సిగ్గేసింది. ఆ వానలోనే ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి బండి తీశాడు.

మూడు నెలల్లో ఆరుసార్లు ప్లేట్‌లెట్లు ఇచ్చాడు. ఇచ్చినప్పుడల్లా క్యాంటీన్‌లో చాయ్. అతని యాసలోని "ఏంది"ని ఆమె, ఆమె యాసలోని "ఉండాది"ని అతను వెక్కిరించుకునేవారు. మందులకు మాత్రం గిరీష్ జబ్బు లొంగలేదు.

ఒకసారి నాలుగు రోజులపాటు నవ్య ఫోనెత్తలేదు. తానేం తప్పు మాట్లాడాడో తెలియక కరుణాకర్ సతమతమయ్యాడు. ఐదోరోజు ఆసుపత్రికి వెళ్తే, రోగుల గౌనులో మంచంమీద ఆమే కనిపించింది.

"తమ్ముడికి నా మూలుగ సరిపోయింది. రేపు తుంటి ఎముక నుంచి తీస్తారు. చెబితే మీరు భయపడతారని..."

"గిప్పుడు భయపడ్తలేనా?"

ఆమె మొదటిసారి ఏడ్చింది. అతను చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

మూలుగ ఎక్కించిన ఇరవై మూడోరోజున గిరీష్ రక్తంలో కొత్త కణాలు కనిపించాయి. నవ్య పరుగున క్యాంటీన్‌కి వచ్చి కరుణాకర్‌కి ఆ మాట చెప్పి, అదే ఊపిరిలో, "నాన్నకి మన సంగతి కూడా చెప్పేశాను" అంది.

కరుణాకర్ బిత్తరపోయాడు. "మన సంగతా? నేనింకా నీకే చెప్పలే."

"అయితే చెప్పండి."

నోరు తెరవబోయి వెనక్కి చూస్తే, ఆమె తండ్రి శ్రీనివాసులు నిలబడి ఉన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వుంది.

"చెప్పు నాయనా, నేనుండానని మొగమాట పడాకు."

ఆయన ముందే నవ్య వైపు తిరిగి కరుణాకర్ చెప్పాడు.