ఒక్క చెంచా తెల్ల పొడి

"రేపటినుంచి నువ్వు జిమ్‌కి వెళ్ళాలి," అన్నాడు చీఫ్.

గుమాస్తా తాను విన్నది సరిగ్గానే విన్నానా అని కాసేపు ఆలోచించాడు. అతని అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. ఏ ఆఫీసులోనైనా, ఏ క్యూలోనైనా ఎవరి కంటా పడకుండా కలిసిపోయే ముఖం అతనిది. అందుకని ఎప్పుడో ఎవరో గుమాస్తా అన్నారు, అదే ఖాయమైపోయింది. సరిహద్దులు దాటిన మనిషి, గోడలు దూకిన మనిషి. ఇప్పుడు మెట్లెక్కుతుంటే మోకాళ్ళు చేసే చప్పుడు పక్క గదికి వినిపిస్తోంది.

"నేను రిటైర్మెంట్ కాగితాలు పెట్టాను సార్."

"చూశాను. టేబుల్ సొరుగులోనే ఉన్నాయి." చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. బట్టతల, మందపాటి కళ్ళద్దాలు, నిద్రలేని కళ్ళు. "ప్రొఫెసర్. మన ఎంబసీల మెసేజ్‌లన్నీ ఈయన తయారుచేసిన సైఫర్‌లోనే, ఆ రహస్య లిపిలోనే నడుస్తాయి. దాన్ని విప్పే తాళం ఏ కాగితం మీదా లేదు. ఈయన తలకాయలో ఉంది. ఓ విదేశీ ముఠా ఈ తలకాయ చుట్టూ తిరుగుతోంది. ఎత్తుకుపోతారో, లోబరుచుకుంటారో తెలియదు. ఇంటికి కాపలా పెట్టాం, ఆఫీసుకి పెట్టాం. భార్య పోయినప్పటినుంచీ ఈయన ఇంకెక్కడికైనా వెళ్ళేది ఒక్క జిమ్‌కే."

"కుర్రాళ్ళున్నారుగా?"

"కుర్రాడిని పంపితే ఈయనతో మాట కలపడు. నీ నడుం నొప్పి, ఈయన నడుం నొప్పి కలుస్తాయి." చీఫ్ గ్యాస్ మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు. "ఆ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాక్కూడా తెలియదు. కోడ్ మాటలు ఖాయంచేసే కమిటీ వాళ్ళు గుర్తు మాత్రం పంపారు. 'నీళ్ళు తాగడం మర్చిపోవద్దు' అని ఎవరైనా అంటే, వాళ్ళు మనవాళ్ళు."

అలా గుమాస్తా జుట్టుకు రంగేసుకుని, ఇన్సూరెన్స్ ఏజెంట్ అవతారమెత్తి, జిమ్‌లో చేరాడు. టెక్నికల్ సెక్షన్ వాళ్ళు, పొడి కలుపుకునే షేకర్ బాటిల్ మూతలో కెమెరా అమర్చి ఇచ్చారు.

జిమ్ ఓ పాత గోడౌన్. ఇనుము వాసన, చెమట వాసన, నాలుగు గోడలకీ అద్దాలు. మొదటి రోజే అతనికి కోచ్ కనిపించింది. ఆమె అడుగుపెడితే చాలు, అద్దాల ముందున్న మగవాళ్ళంతా పొట్టలు లోపలికి లాక్కునేవారు. ఎంత బరువెత్తినా చెదరని జుట్టు, అందరితోనూ ఒకేలా నవ్వే పెదవులు, ఎప్పుడూ నవ్వని కళ్ళు. ముఠా మనిషి ఎవరో తెలుసుకోవడానికి గుమాస్తాకి ఫైలు అక్కర్లేకపోయింది. ఇలాంటి కళ్ళు రోజూ షేవింగ్ అద్దంలో చూసేవే.

"ఎన్నాళ్ళయింది అంకుల్ ఒళ్ళు వంచి?" అంది కోచ్.

ఆ 'అంకుల్' మాట బుల్లెట్ కన్నా లోతుగా దిగింది.

మొదటి వారానికే ఒళ్ళు హూనమైంది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది. అది చూసి కోచ్ ఓ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది.

"క్రియాటిన్ మోనోహైడ్రేట్. వేరే పేర్లతో రంగురంగుల డబ్బాలు బోలెడుంటాయి, వాటి జోలికి పోకండి. రోజుకి ఒక్క చెంచా, ఐదు గ్రాములు మించకూడదు."

"ఎప్పుడు తాగాలి? వ్యాయామానికి ముందా, తర్వాతా?"

"ఎప్పుడైనా సరే. టైం కాదు ముఖ్యం, మానకపోవడం ముఖ్యం. జిమ్‌కి రాని రోజు కూడా తాగాలి. గోరువెచ్చటి నీళ్ళయితే తొందరగా కరుగుతుంది. కొందరు మొదటి వారం నాలుగింతలు పట్టిస్తారు. తొందరగా పనిచేస్తుంది గానీ, అంత అవసరం లేదు, కడుపు పాడవుతుంది. ఓ నెలకి దాని పని అదే చేసుకుంటుంది. కాస్త బరువు పెరుగుతారు, కంగారుపడకండి, కండల్లో చేరే నీరే అది."

"తాగితే కండలొచ్చేస్తాయా?"

"పొడి తాగి పడుకుంటే ఏమీ రావు. ఇనుము ఎత్తాల్సింది మీరే. ఇంకో రెండుసార్లు ఎత్తే ఓపిక ఇస్తుంది, అంతే." ఆమె వెళ్ళబోతూ తిరిగి చూసింది. "నీళ్ళు తాగడం మర్చిపోవద్దు."

గుమాస్తా ఎదురుచూస్తున్న కోడ్ అదే. ఈమేనా? అతను నోరు తెరిచేలోగా ఆమె పక్కనున్న లావుపాటి వ్యాపారి దగ్గరికెళ్ళి అదే మాట అంది. ఆ తర్వాత తాడాట ఆడుతున్న టీచరమ్మతో అంది. గోడ మీదున్న బోర్డు మీద కూడా అదే రాసి ఉంది.

సాయంత్రం రిపోర్టులో గుమాస్తా రాశాడు: "కోడ్ జిమ్ మొత్తానికీ తెలుసు. కమిటీకి నా నమస్కారాలు." కెమెరా లెన్స్‌కి పొడి పట్టి, ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టున్నాయని కూడా రాశాడు.

ఇంట్లో భార్య డబ్బా మూత తీసి వాసన చూసింది.

"ఏమిటండీ ఇది, సున్నంలా ఉంది?"

"మందు."

"దేనికి?"

"ఓపికకి."

ఆమె ఉతకాల్సిన బట్టల కుప్ప వైపు ఓసారి చూసి, "నాకూ ఓ చెంచా కలపండి," అంది.

నెలలు గడిచాయి. ప్రొఫెసర్‌తో మాట కలిసింది. ఇద్దరూ పక్కపక్క బెంచీల మీద ఆయాసపడుతూ మోకాళ్ళ గురించి, నిద్ర గురించి, ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే రేడియో ఎంత గట్టిగా పెట్టుకోవాలనే దాని గురించి మాట్లాడుకునేవారు. ప్రొఫెసర్ రోజూ కోచ్ స్వయంగా కలిపిచ్చిన గ్లాసు తాగేవాడు. "ఏదో ప్రోటీనట," అనేవాడు. అప్పుడప్పుడూ ఓ స్పెషలిస్ట్ డాక్టర్ వచ్చి మెంబర్లకు ఉచితంగా ఆరోగ్య సలహాలు ఇచ్చేవాడు. తెల్ల కోటు, మెత్తటి మాట. గుమాస్తా అతని గురించి పై ఆఫీసుకి రాశాడు. డిగ్రీలన్నీ అసలైనవేనని జవాబొచ్చింది.

ఓ రోజు బట్టలు మార్చుకునే గదిలో ప్రొఫెసర్ కవరొకటి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుని కనిపించాడు.

"ఒంట్లో బాగోలేదా సార్?"

"నా కిడ్నీలు పోయాయండీ." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోలేదు. "రెండు వేరువేరు ల్యాబుల్లో చేయించాను. కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ రెంట్లోనూ ఎక్కువే. లెక్కలవాణ్ణి, అంకెల్ని ఎలా కాదంటాను? ఎవరికీ చెప్పకండి. ఆఫీసులో తెలిస్తే మెడికల్‌గా పనికిరాడని ఇంటికి పంపేస్తారని స్పెషలిస్ట్ గారు అన్నారు."

గుమాస్తా చీఫ్‌కి చెప్పాడు. "పాపం," అన్నాడు చీఫ్. "జబ్బులు మన డిపార్ట్‌మెంట్ కాదు. కాపలా మాత్రం కాయి."

ఆ మర్నాడే కోచ్ అతని షేకర్ లాక్కుని, "రేపటినుంచి వారం పాటు రోజుకి నాలుగు చెంచాలు. విడివిడిగా," అంది.

"అంత అవసరం లేదని మీరే అన్నారు."

"అన్నాను. ఇప్పుడు తాగమంటున్నాను." ఆమె పెదవులు నవ్వుతున్నాయి, కళ్ళు మాత్రం అద్దంలోంచి కౌంటర్ దగ్గరున్న స్పెషలిస్ట్‌ని చూస్తున్నాయి. "మీ ఇన్సూరెన్స్ ఆఫీసులో మెడికల్ చెకప్ ఉందన్నారుగా, ఎగ్గొట్టకండి. ముందు రోజు కాళ్ళ వ్యాయామం గట్టిగా చేయిస్తాను. రిపోర్టు మాత్రం మీకు బాగా తెలిసిన డాక్టరుకే చూపించండి."

గుమాస్తాకి ఏమీ అర్థంకాలేదు. కానీ ఈ ఉద్యోగంలో అర్థంకాని పనులే ఎక్కువ. తాగాడు. కడుపు ఉబ్బింది. డిపార్ట్‌మెంట్ చెకప్‌కి వెళ్ళినప్పుడు కాళ్ళు కర్రల్లా ఉన్నాయి.

డిపార్ట్‌మెంట్ డాక్టరమ్మ మధ్యాహ్నం పిలిపించింది. రిపోర్టు చూసి, కళ్ళజోడు పైనుంచి అతన్ని చూసింది.

"క్రియాటినిన్ ఇంతుందేంటి? జిమ్‌కి గానీ వెళ్తున్నారా?"

"డ్యూటీ మీద."

"క్రియాటిన్ తాగుతున్నారా?"

"నాలుగు చెంచాలు."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "ఏ తెలివైనవాళ్ళు చెప్పారండీ మీకు? మీరు తాగే పొడి కండల్లో వాడుకోగా మిగిలేదే క్రియాటినిన్. పొడి ఎక్కువ తాగి, ముందు రోజు బరువులెత్తి వస్తే రక్తంలో అది ఎక్కువే కనిపిస్తుంది. కిడ్నీలకేమీ కాలేదు. పొడి ఆపి, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ చేయించండి. అనుమానముంటే సిస్టాటిన్ సి అని ఇంకో టెస్టుంది, దానికి కండలతో పని లేదు. నిజంగా కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం మమ్మల్ని అడక్కుండా దీన్ని ముట్టుకోకూడదు. ఈ సంగతి తెలియనివాళ్ళు కాగితం చూసి హడలి చస్తారు."

గుమాస్తా లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు చప్పుడు చేశాయి, అతనికి వినిపించలేదు.

ప్రొఫెసర్ గ్లాసులోదీ ఈ పొడే. దొంగ రిపోర్టయితే రెండో ల్యాబులో పట్టుబడేది. ఇది అసలు రిపోర్టు. ప్రొఫెసర్ ఎన్ని ల్యాబులు తిరిగినా అదే అంకె వస్తుంది. తుపాకీ అక్కర్లేదు, తాళ్ళు అక్కర్లేదు. విదేశంలో వైద్యముందంటే చాలు, బతకాలన్న ఆశతో మనిషి తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళిపోతాడు.

ప్రొఫెసర్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. "సెలవు పెట్టారండీ, అక్కగారింటికి వెళ్తానన్నారు," అన్నారు. అక్కగారికి ఫోన్ చేశాడు. "మా ఇంటికా? నాకు చెప్పనేలేదే," అందావిడ కంగారుగా. మూడో ఫోన్ చీఫ్‌కి. ఈసారి చీఫ్ జబ్బులు మన డిపార్ట్‌మెంట్ కాదనలేదు. ఊరి చివర చిన్న ఎయిర్‌ఫీల్డ్ నుంచి ఎయిర్ అంబులెన్స్ ఒకటి ఇప్పుడే బయల్దేరబోతోందని కనుక్కుని చెప్పాడు. "జీపులు పంపుతున్నాను. నువ్వే దగ్గర. పరిగెత్తు."

గుమాస్తా పరిగెత్తాడు. గేటు దగ్గర కారు ఆపేస్తే దిగి, ఎండలో మరుగుతున్న కాంక్రీటు మీద ఆ చిన్న తెల్ల విమానం వైపు పరిగెత్తాడు. ఇంజన్లు తిరుగుతున్నాయి. మెట్లే తలుపుగా ముడుచుకునే రకం విమానం. మెట్లు అప్పుడే నేల విడిచి లేస్తున్నాయి. దూకి వాటి మీద పడ్డాడు. అతని బరువుకి మెట్లు మూలిగి మళ్ళీ కిందికి దిగాయి. లేచి లోపలికి దూసుకెళ్దామనుకున్నాడు. కాళ్ళలో సత్తువ లేదు. అందుకని కింది మెట్టు మీద కూర్చుండిపోయాడు.

మనిషి కూర్చున్నంతసేపూ ఆ తలుపు మూతపడదు.

"ఎవరయ్యా నువ్వు? లే," అన్నాడు గుమ్మంలో స్పెషలిస్ట్. అతని వెనక స్ట్రెచర్ మీద ప్రొఫెసర్, పక్కన నర్సు దుస్తుల్లో కోచ్. ఆమె చేతిలో సిరంజి.

"కాస్త ఊపిరి తీసుకోనివ్వండి," అన్నాడు గుమాస్తా. అబద్ధం కాదు. తర్వాత గొంతు పెంచాడు. "ప్రొఫెసర్ గారూ, మీరు రోజూ తాగేది ప్రోటీన్ కాదు, క్రియాటిన్. మీ రిపోర్టులో అంకె దానివల్లే. కిడ్నీలకేమీ కాలేదు. ఇదిగో నా రిపోర్టు, నాకూ అంతే ఉంది. మరి నన్నెందుకు తీసుకెళ్ళట్లేదో ఈయన్ని అడగండి."

ప్రొఫెసర్ స్ట్రెచర్ మీద లేచి కూర్చున్నాడు. లెక్కలవాడు. లెక్క వినగానే ముఖం మారింది.

"ప్రొఫెసర్‌కి మత్తివ్వు," అన్నాడు స్పెషలిస్ట్ కోచ్‌తో, కోటు జేబులోంచి చిన్న పిస్టల్ తీస్తూ. దాని గొట్టం గుమాస్తా నుదుటికి ఎదురుగా వచ్చి ఆగింది. గుమాస్తాకి భయం వేయలేదు. ఇంట్లో నీళ్ళ మోటారు బాగుచేయించలేదని మాత్రం గుర్తొచ్చింది.

"అంకుల్, తల వంచండి," అంది కోచ్.

వంచాడు. గుండు అతని తల మీదుగా పోయి కాంక్రీటుకి తగిలింది. తల ఎత్తేసరికి సిరంజి స్పెషలిస్ట్ మెడలో దిగి ఉంది, పిస్టల్ కోచ్ చేతిలో ఉంది. అతను ఏదో మెత్తగా అనబోయి, గుమ్మానికి ఆనుకుని జారిపోయాడు. విమానం ముందు జీపులు వచ్చి అడ్డంగా ఆగాయి. ఇంజన్లు ఆగిపోయాయి.

కోచ్ వచ్చి అతని పైమెట్టు మీద కూర్చుంది. ఆ ముఖంలో మొదటిసారి నవ్వు లేదు. అలా చూస్తే ఆమె వయసు కూడా తెలిసింది.

"నోరు విప్పి చెప్పలేకపోయారా?" అన్నాడు గుమాస్తా.

"ఎక్కడ చెప్పను? అద్దాల వెనక వాళ్ళే, నా ఫోన్‌లో వాళ్ళే. మీ రక్తం చెప్పేది ఒక్కటే వాళ్ళకి వినిపించదు." ఆమె జుట్టు ముడి విప్పుకుంది. "మీ కడుపు పాడుచేశాను, ఏమీ అనుకోకండి." అంతలోనే ఓ జీపు దగ్గరికి నడిచి వెళ్ళి ఎక్కేసింది. ఆమె పేరు ఏమిటో అతను అడగలేదు. అడిగినా నిజం చెప్పదు.

ప్రొఫెసర్ నెమ్మదిగా దిగివచ్చి ఆమె లేచిన చోట కూర్చున్నాడు.

"నిజంగా ఏమీ లేదా?"

"మా డాక్టరమ్మ ఇంకో టెస్టు చేస్తుంది. కానీ ఏమీ లేదనే అంది."

"ఇల్లు అమ్మకానికి పెట్టేశాను. మా ఆవిడ చీరలు పంచేశాను." ఆయన రన్‌వే చివర వణుకుతున్న ఎండ వైపు చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. ఇలాంటప్పుడు ఏమనాలో గుమాస్తాకి ఇన్నేళ్ళ ట్రైనింగ్‌లో ఎవరూ నేర్పలేదు.

చివరికి ప్రొఫెసర్ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, పెద్దగా నిట్టూర్చాడు.

"అంటే, సోమవారం ఆఫీసుకి వెళ్ళాలన్నమాట."