ధారకుడు పరంజ్యోతి

జోషిత వేసిన బంతి రింగుకీ తగల్లేదు, బోర్డుకీ తగల్లేదు. అలా పోయి పోయి గోడ దగ్గర పడింది. పిల్ల నవ్వేసి ఇంకో బంతి అందుకుంది. చెవులు వేడెక్కింది మాత్రం బెంచీ మీద కూర్చున్న పరంజ్యోతికి.

ఆయన మంచినీళ్ళ సీసా చేతిలోకి తీసుకున్నాడు. మూత ఊడేలోపే వేడి చల్లారిపోయింది. గురి తప్పిన బంతి తాలూకు సిగ్గు ఎప్పుడూ అంతసేపే ఉంటుంది.

జోషిత తల్లి కరుణ టిఫిన్ డబ్బాతో పక్కనే నిలబడి ఇదంతా చూసింది. ఇన్నేళ్ళుగా కూతుర్ని బాపట్ల బాస్కెట్‌బాల్ శిక్షణ కేంద్రానికి పంపుతున్నా, ఈ ప్రశ్న అడగడానికి ఆవిడకి ఇవాళే ధైర్యం వచ్చినట్టుంది.

"అదంతా మీకొచ్చేస్తుందంటారు కదా మాస్టారూ, నొప్పిగా ఉండదాండీ?"

"నొప్పి కాదమ్మా. పదిమందిలో కాలు జారి పడితే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది."

"రోజంతానా?"

"పన్నెండు మంది పిల్లలు కదా. ఎవరో ఒకరు తప్పుతూనే ఉంటారు."

జోషిత ముంజేతికి, మిగతా పిల్లల్లాగే, నీలం పట్టీ ఉంది. పరంజ్యోతి చేతికి దాని జత ఉంది. బదిలీ పట్టీలంటారు వీటిని. సిగ్గు మనసులో పుట్టినా కాపురముండేది ఒంట్లోనేనని, దాన్ని చెరిపెయ్యడం కుదరదు గానీ మరో ఒంటికి పంపవచ్చని శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. కాగితాల మీద దాని పేరు పరాభవ తరంగం. ఆట కోర్టులో మాత్రం అందరూ చురక అనే అంటారు. బంతి ఒకసారి తప్పినవాడు రెండోసారి జంకేది ఆ చురక వల్లే. అది లేకపోతే పిల్లలు బెదురు లేకుండా ఆడతారు, తొందరగా నేర్చుకుంటారు. అయితే తీసేసిన చురకని ఎవరో ఒకరు మొయ్యాలి. అందుకే ప్రతి జట్టుకీ ఒక ధారకుడు. కోచ్ అనే మాట ఇప్పుడు ముసలివాళ్ళ నోట తప్ప వినబడదు.

వచ్చిన చురక ఎవరిదో పట్టీ చెప్పదు. పరంజ్యోతికి మాత్రం తెలిసిపోయేది. పొట్టి పల్లవిది గొంతుకి అడ్డం పడుతుంది. జోషితది బొడ్డు కింద మొదలై పైకి పాకుతుంది. ఈ విద్య చూసుకుని ఆయనకి కాస్త గర్వం కూడా ఉండేది.

"ఎనిమిదో ఏట కట్టారు దానికా పట్టీ. అప్పట్నుంచీ ఆటలో ఓడిపోయానని ఒక్కనాడు ఏడవలేదండీ," అంది కరుణ మురిసిపోతూ.

ఆ మధ్యాహ్నమే చీరాల జట్టుతో సెమీఫైనల్. చీరాల కెప్టెన్ రిజ్వానా మామూలు పిల్ల కాదు. ఇద్దరు అడ్డం నిలబడినా మధ్యలోంచి దూరిపోయి బంతి వేసొస్తోంది. దక్షిణ మండల జట్టుని ఎంచేవాళ్ళు గ్యాలరీలో కూర్చుని ఆమెనే చూస్తున్నారు. మూడో క్వార్టర్‌కి ఆమె పేరు మీద నాలుగు ఫౌల్స్ పడ్డాయి. ఐదోది పడితే బయటికి పోవాల్సిందే.

టైమౌట్‌లో పరంజ్యోతి జోషితని పక్కకి పిలిచాడు.

"ఈసారి ఆ అమ్మాయి లోపలికి వచ్చినప్పుడు ఎదురుగా నిలబడు. తగిలినా తగలకపోయినా పడిపో. గట్టిగా అరువు."

"తగలకపోయినా పడిపోవాలా సార్?"

"రెఫరీ వెనకాల ఉంటాడు. ఆయనకి కనబడదు."

జోషిత ఆయన మొహంలోకి ఓసారి చూసి తలూపింది.

ఎన్ని మారినా రెఫరీ ఇంకా మనిషే. జోషిత పడింది, అరిచింది, విజిల్ మోగింది. రిజ్వానా రెండు చేతులూ చాపి నిలబడిపోయింది. "నేను తగల్లేదు సార్," అంది. రెఫరీ అటు తిరిగిపోయాక కూడా, "నేను ముట్టుకోలేదు సార్," అంటూనే ఉంది. తర్వాత తువ్వాలు మొహం మీద కప్పుకుని బెంచీ చివర కూర్చుంది. బాపట్ల గెలిచింది. సాయంత్రం మండల జట్టు పేర్లు చదివినప్పుడు అందులో రిజ్వానా లేదు.

విజిల్ మోగినప్పుడే పరంజ్యోతి ఒంట్లో మొదలైంది. సీసా మూత తీశాడు, నీళ్ళన్నీ తాగాడు, తగ్గలేదు. బస్సెక్కినా తగ్గలేదు. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఇది జోషితదే అనుకున్నాడు. బొడ్డు కింద మొదలైంది కదా మరి. పాపం, పైకి నవ్వుతోంది గానీ లోపల ఎంత నలిగిపోతోందో, మంచి పిల్ల అనుకుని కొంత ఊరటపడ్డాడు. పట్టీ విప్పేస్తే తనకి హాయే గానీ, అప్పుడిది పిల్ల దగ్గరే ఉండిపోతుందని విప్పకుండా పడుకున్నాడు. తను చేస్తున్నది త్యాగమని కూడా అనిపించింది. తర్వాతెప్పుడు ఆ ఊరట గుర్తొచ్చినా ఆయన తల ఎత్తలేకపోయేవాడు.

పొద్దున్నే, జట్లన్నీ దిగిన హాస్టల్ వరండాలో కరుణ ఎదురొచ్చింది.

"సాయంత్రం ఫైనల్ ఆడగలదో లేదో మాస్టారూ. రాత్రి కన్ను మూయలేదు. ఒళ్ళు మండిపోతోందంటుంది, చెయ్యి పెట్టి చూస్తే జ్వరం లేదు. మాత్ర వేశాను, తగ్గలేదు."

పరంజ్యోతి గదిలోకి వెళ్ళాడు. జోషిత మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు దిగులుపడకమ్మా. నిన్నటిది మొత్తం నాకొచ్చేసింది. నీ దగ్గర ఏం మిగల్లేదు."

"ఏది సార్?"

"అదే, పడ్డావు కదా. ఆ చురక."

జోషిత సంచిలోంచి నీలం పట్టీ తీసి చూపించింది. దాని కొక్కెం విరిగిపోయి ఉంది.

"నిన్న రెండో క్వార్టర్లోనే ఊడిపోయింది సార్. చెబితే నన్ను బయట కూర్చోబెడతారని సంచిలో పడేశాను. నా నుంచి మీకేం రాలేదు."

పరంజ్యోతి తన చేతి పట్టీ వైపు చూసుకున్నాడు. మిగతా పిల్లలకి ఈ సంగతే తెలీదు, వాళ్ళు నిన్నంతా గంతులేస్తూనే ఉన్నారు. ఇక మిగిలింది ఎవరు? ఇన్నేళ్ళూ ఒంట్లో వేడి పుడితే ఎవరిదా అని పిల్లల మొహాలు వెతకడమే ఆయనకి అలవాటు. తనకీ ఒకటి ఉంటుందని తోచలేదు. పన్నెండు మంది చురకలు గుర్తుపట్టగలిగినవాడికి తన చురక తెలియలేదు. ఆ సిగ్గుతో కుర్చీలోంచి లేవలేకపోయాడు.

"మరి నాకున్నది ఏంటి సార్?" అంది జోషిత. "మొహం మంటగా ఉంది. కళ్ళు మూసుకుంటే ఆ అక్క చేతులు చాపి నిలబడినట్టే కనబడుతోంది. ఇది జ్వరం కాదు కదా?"

"కాదమ్మా. అదే చురకంటే."

"ఇంత ఉంటుందా? రోజూ మా అందరిదీ ఇలాగే మోస్తున్నారా మీరు?"

"అవి చిన్నవి. వాటంతటవే చల్లారిపోతాయి. ఇలాంటిది నాకూ కొత్తే."

"ఎప్పుడు తగ్గుతుంది?"

"తెలీదు," అన్నాడు. నిజంగానే ఆయనకి తెలీదు.

జోషిత జడకున్న రబ్బరు బ్యాండు తీసి, దాంతో విరిగిన పట్టీని ముంజేతికి బిగించుకుంది. ఊడిన పట్టీ మళ్ళీ పనిచెయ్యాలంటే దాని మీట నొక్కాలి, అది ధారకుడి పని. చెయ్యి ఆయన ముందుకి చాపింది.

"ఇది కూడా మీరే తీసేసుకోండి సార్. నావల్ల కావట్లేదు."

ఏడేళ్ళుగా ఆ పిల్లకి నేర్పింది అదే. ఆమె అడగడంలో తప్పేమీ లేదు. మీట నొక్కితే చాలు, పిల్ల లేచి అన్నం తింటుంది, సాయంత్రం ఆడుతుంది, గెలుస్తుంది కూడా. పరంజ్యోతి చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగిపోయింది.

"నా దగ్గర చోటు లేదమ్మా," అన్నాడు. "నాది ఉంది."

జోషిత చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చీరాల వాళ్ళ బస్సు వెళ్ళిపోయిందా సార్?"

అది పెద్దవాడైన తను అడగాల్సిన మాట. పరంజ్యోతి తన పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, లేచి నిలబడ్డాడు.

"ఇంకా వెళ్ళుండదు, పద," అన్నాడు. "ముందు నేను మాట్లాడతాను. పడమన్నది నేను కదా."