పడనివ్వకు

మేఘమెట్టలో తెల్లవారడం ముందుగా చెవులకు తెలుస్తుంది. కళ్ళకు పొగమంచు తప్ప ఏమీ ఆనదు. లోయలోంచి డెక్కల చప్పుడు మెత్తగా పైకి తేలి వస్తుంది, ఎవరో దూది మీద వేళ్ళతో తాళం వేస్తున్నట్టు. కాసేపటికి మంచులోంచి ఒక గుర్రం మెడ, దాని వెనక నిటారుగా ఒక మనిషి, ఈదుకుంటూ వచ్చినట్టు వస్తారు. సంచిలో మందులుంటాయి, ఉత్తరాలుంటాయి, ఒక్కోసారి గంపెడు కోడిగుడ్లుంటాయి. ఒక్క గుడ్డూ పగలదు.

కొండల మీద ఇంజన్లను నిషేధించి నలభై ఏళ్ళయింది. రోడ్లను అడవి తినేసింది, గుర్రాలు తిరిగొచ్చాయి. వాటితో పాటు విరిగిన భుజాలూ, నలిగిన వెన్నుపూసలూ వచ్చాయి. అవి ఆగింది మాత్రం ఈ మూడేళ్ళలోనే. రౌతుల శిక్షణాలయం గోడ మీద ‘ఈ నెల పడినవారు’ అని రాసిన నల్లబల్ల 2088 నుంచీ ఖాళీగా ఉంది. దాని మీద ఒక సాలెపురుగు కాపురం పెట్టింది.

ఆ బల్లను ఖాళీ చేసింది తూనీగ.

తూనిక అన్న మాటలోంచి ప్రయోగశాల వాళ్ళు సరదాగా పుట్టించిన పేరది. తూనీగ రెక్కంత పలచని తొడుగు. మెడ నుంచి మోకాళ్ళ దాకా ఒంటికి అంటుకుని ఉంటుంది. దాని నిండా కంటికి కనిపించని సెన్సర్లు. మనిషికి తూకం చెప్పేది లోచెవి. అక్కడి ద్రవం ఒరిగి, ఆ కబురు మెదడుకు చేరి, మెదడు కండరాలను లేపేసరికి గుర్రం మనిషిని విసిరేసి ఉంటుంది. తూనీగ అంతసేపు ఆగదు. ఊపిరి తడబాటును బట్టి, పొట్ట కండరాల వదులును బట్టి, పడబోయే మనిషిని పావు సెకను ముందే పసిగడుతుంది. నడుముకు ఇటు ఒక చిన్న విద్యుత్ స్పర్శ, తొడకు అటు ఒకటి. అంతే, మనిషి మళ్ళీ జీను నడుమకు వచ్చేస్తాడు. చెవి వెనక ఒక గొంతు మెల్లగా “ఆపాను” అంటుంది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతికి యాభై రెండేళ్ళు. ఆరేళ్ళ కిందట కాకిమలుపు దగ్గర ఆమె భర్త భాస్కరం, కొండ వైద్యుడు, ఆమె కళ్ళ ముందే గుర్రం మీంచి పడి చనిపోయాడు. ఆ వారంలోనే ఆమె ప్రయోగశాలలో కూర్చుని పని మొదలుపెట్టింది. ఏడవలేదు. నెల తిరిగేసరికి మొదటి తొడుగు తయారైంది, దాన్ని తనే తొడుక్కుంది. ఆ తర్వాత కొత్తవి వచ్చినప్పుడు మార్చుకోవడమే తప్ప విడిచింది లేదు. ‘హైమవతిగారిలా నిబ్బరంగా ఉండాలి’ అని కొండ మీద తల్లులు పిల్లలకు చెబుతుంటారు. ఆమె కూడా అది నిబ్బరమనే అనుకుంది. ఒక్కోసారి మాత్రం, అద్దంలో తల దువ్వుకుంటున్నప్పుడు, లోపల ఏదో గది తలుపు బయటి నుంచి గడియ వేసి ఉన్నట్టు అనిపించేది. ఆ గదిలో ఎవరున్నారో చూద్దామనుకునేలోపే వెన్ను నిటారుగా అయ్యేది. ఆమె దువ్వెన కింద పెట్టి పనిలోకి వెళ్ళిపోయేది.

ఆ రోజు మధ్యాహ్నం సభ ఉంది. పన్నెండు కొండల రౌతులందరికీ తూనీగను శాశ్వతంగా ఇవ్వాలనీ, గురువులు అనే ముసలి రౌతు పడటం నేర్పే గడ్డివాకిలిని మూసేయాలనీ తీర్మానం. హైమవతి సంతకం పెడితే అయిపోతుంది.

గురువులుకు డెబ్బై దాటాయి. పేరూ గురువులే, చేసేదీ గురువు పనే. తూనీగ తొడుక్కోని రౌతు కొండ మీద అతనొక్కడే. కొత్తగా వచ్చినవాళ్ళను ఇసక మూట మీద ఒంటికాలితో నిలబెట్టి కళ్ళు మూసుకోమనేవాడు. జీను లేని గుర్రం ఎక్కించి చేతులు రెక్కల్లా చాపమనేవాడు. ఆ తర్వాత వరిగడ్డి పరిచిన వాకిట్లో పడటం నేర్పేవాడు. “దిగడం నాలుగు రకాలు నాయినా. మూడు మనిష్టం, నాలుగోది గుర్రం ఇష్టం” అనేవాడు. వాకిలి దూలం మీద సున్నంతో ఒక సామెత రాసి ఉండేది: పడ్డవాడెన్నడూ చెడ్డవాడు కాడు. మూడేళ్ళుగా ఆ వాకిట్లో కోళ్ళు తప్ప ఎవరూ పడలేదు.

హైమవతి టీ తాగుతుండగా అతను గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తలపాగా చేతిలో ఉంది.

“జొన్న ఎలిపోనాదమ్మా” అన్నాడు.

జొన్న భాస్కరం గుర్రం. జొన్నకంకి రంగు ఆడగుర్రం. ఆరేళ్ళ కిందట భాస్కరాన్ని కింద పడేసింది అదే. పడేసి, పక్కనే నిలబడి, చీకటి పడేదాకా అతని చెవి దగ్గర ఊపిరి వదులుతూ కదలకుండా ఉండిపోయిందీ అదే.

గుర్రపు సాలలో జొన్న పక్కకు ఒరిగి, ఊపిరి లేకుండా ఉంది. కనురెప్ప మీద మంచు చుక్కలు. చుట్టూ రౌతులు పదిమంది దాకా వరసగా నిటారుగా నిలబడి చూస్తున్నారు, దేవుడి గుళ్ళో ఊరేగింపు బొమ్మల్లా. గురువులు ఒక్కడే దాని మెడ మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

హైమవతి దాని నుదుటి మీద చెయ్యి వేసింది. అక్కడి సుడి వేలికి తగిలింది. భాస్కరం ఎప్పుడూ బొటనవేలితో రాసేచోటు. ఆమె గొంతులో ఏదో కదిలింది. ఊపిరి సగంలో ఆగింది. భుజాలు వంగబోయాయి. సరిగ్గా అప్పుడే నడుము దగ్గర చిన్న చల్లని స్పర్శ. వెన్ను నిటారైంది. ఊపిరి సమంగా వచ్చింది. గొంతులోది ఎటో వెళ్ళిపోయింది.

గురువులు తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

“నువ్వు బాధపడవేటమ్మా? ఒక్క రవ్వ? ఈళ్ళెవులూ బాధపడరేటి? గుర్రాలు నన్నడగతన్నాయి, మా మీద మనుసులే కూకుంతన్నారా, బియ్యపు మూటలా అని.”

ఆ మాటల్లో ఒక మాట ఆమె చెవిలో ముల్లులా దిగింది. బాధ. పడవు. ఆమె గబగబా బయటికి నడిచి, కంచె పట్టుకుని, చెవి వెనక వేలు ఆనించింది.

“తూనీగా, ఇప్పుడేం చేశావు?”

“మీరు పడబోయారు. ఆపాను.”

“నేను నేల మీదే ఉన్నాను కదా. గుర్రం మీద లేను.”

“బాధపడబోయారు. ఆపాను.”

మంచు కంచె కర్రల మధ్య నుంచి పారుతోంది. ఆమె కంచె వదిలి ప్రయోగశాల వైపు నడిచింది.

ప్రయోగశాలలో ఫణికుమార్ పలహారం తింటున్నాడు. తూనీగకు మాట నేర్పింది అతనే. పల్లం నుంచి వచ్చిన కుర్రాడు, నిరుడే పెళ్ళయింది. హైమవతి చెప్పింది విని ముందు పగలబడి నవ్వాడు.

“మీరే మేడమ్! ఇంగ్లీషు కోడ్ వద్దు, మన భాషలోనే చెబుతాను అన్నారు. మొదటి ఆజ్ఞ మీ గొంతుతోనే ఉంది. ఒక్క మాట.”

అతను పాత రికార్డింగ్ పెట్టాడు. ఆరేళ్ళ కిందటి ఆమె గొంతు, నూతిలోంచి వచ్చినట్టు: *పడనివ్వకు.*

“దానికి కోట్ల వాక్యాల తెలుగు చదివించాం” అన్నాడు ఫణి. “పడటమంటే ఏమిటో అదే వెతుక్కుంది. మన భాషలో మనిషి చేసేదంతా పడటమే కదండీ. భయపడతాం, బాధపడతాం, సిగ్గుపడతాం, జాలిపడతాం, ఇష్టపడతాం. ప్రతిదానికీ ముందు ఒంట్లో చిన్న తూలుడు ఉంటుంది. ఊపిరి తప్పుతుంది, పొట్ట వదులవుతుంది. గుర్రం మీంచి పడబోయే ముందూ అంతే. దాని లెక్కలో అన్నీ ఒకటే. మన అదృష్టం, కనబడటాన్ని కూడా ఆపలేదు, లేకపోతే ఊరంతా మాయమయ్యేవాళ్ళం.”

నవ్వుతూనే ఆగిపోయాడు. ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది.

“మా పెళ్ళిలో ఇద్దరం తూనీగలు తొడుక్కుని గుర్రాల మీద ఊరేగాం. సుమిత్ర సిగ్గుపడలేదు” అన్నాడు నెమ్మదిగా. “నేనూ... చాలా ధీమాగా ఉన్నానని అందరూ మెచ్చుకున్నారు.”

“దిద్దడానికి ఎంతసేపు?”

“పది నిమిషాలు” అన్నాడు ఫణి. కానీ కుర్చీలోంచి లేవలేదు.

సభలో హైమవతి ఏదీ దాచలేదు. తీర్మానం కాగితం పక్కన పెట్టి, తను చెప్పిన ఒక్క మాటా, యంత్రం దాన్ని అర్థం చేసుకున్న తీరూ అందరికీ అర్థమయ్యేలా వివరించింది. దిద్దితే తూనీగ ఇక నేల మీద పడకుండా మాత్రమే చూస్తుంది, తక్కినవన్నీ వదిలేస్తుంది అంది. చెబుతున్నప్పుడు తన గొంతు ఎక్కడా వణకకపోవడం మొదటిసారి ఆమెకు భయం కలిగించాల్సింది. కలిగించలేదు.

ముందు వరసలోంచి కాంచన లేచింది. పాతికేళ్ళ పిల్ల, ఎగువ గూడేలకు మందులు మోసే రౌతు. నిరుడు వానల్లో ఆమె మందు తీసుకుని వెళ్ళేసరికి ఆలస్యమైంది. ఆ ఇంట్లో మంచం మీద ప్రాణం లేకుండా ఉన్నది ఆమె తమ్ముడే.

“దిద్దితే అయ్యన్నీ మళ్ళీ వత్తాయేటమ్మా?”

“వస్తాయి.”

“నిరుటివీ?”

హైమవతి తల ఊపింది. “నిరుటివీ వస్తాయి.”

“అయితే వద్దమ్మా” అంది కాంచన. కోపం లేదు, బెంగ లేదు. కూర్చుంది.

చేతులు ఎత్తమన్నప్పుడు ఒకదాని వెనక ఒకటి చేతులు లేచాయి, గాలికి తలలెత్తిన గడ్డిలా. దిద్దవద్దు. ఉన్నదున్నట్టే ఉంచండి. ఫణికుమార్ చెయ్యి కూడా లేచింది. ఆమె వైపు చూడకుండా లేచింది. వెనక బెంచీ మీద గురువులు మాత్రం చేతులు తొడల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

సభ ముగియకముందే పల్లం నుంచి కబురు వచ్చింది. సభలో మాట విన్న అక్కడివాళ్ళు కూడా తూనీగ కావాలంటున్నారు. అడిగినవాళ్ళలో ఒక్కరికీ గుర్రం లేదు.

తీర్మానం మీద హైమవతి సంతకం పెట్టలేదు. ఆమె సంతకం లేకుండానే, చేతుల లెక్కతో, అది నెగ్గింది. పొద్దు వాలుతుండగా గడ్డివాకిలి వైపు నడిచింది. మంచు మళ్ళీ దిగుతోంది. కొండలు ఒక్కొక్కటే వెనక్కి తప్పుకుంటున్నాయి, ఇంక మాట్లాడేదేమీ లేదన్నట్టు. హైమవతి సామెత రాసిన దూలం కింద ఆగింది.

“తూనీగా, ఈ ఆరేళ్ళలో నేను ఒక్కసారైనా కుదుటపడ్డానా?”

“పడబోయారు. ఎనిమిదిసార్లు. ఆపాను.”

ఆమె కళ్ళు మూసుకుంది.

“మరి నిలబడటం? అందరూ అంటారే, ఎంత బాగా నిలబడిందో అని.”

“అదీ పడటమే. నిలబడబోయినప్పుడల్లా ఆపాను” అంది ఆ గొంతు, ఎప్పటిలా మెత్తగా. “మిమ్మల్ని నిలబెట్టి ఉంచింది నేను.”

హైమవతి మెడ దగ్గర కొక్కెం విప్పింది. తొడుగు వదలడానికి ఇష్టం లేనట్టు ఒంటిని పట్టుకుని, తర్వాత ఒక్కసారిగా జారి కాళ్ళ దగ్గర కుప్పగా పడింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వాకిట్లోకి వచ్చిన ఆమెను చూసి గురువులు సాల వైపు నడిచాడు. జొన్న కన్న పిల్లగుర్రాన్ని తీసుకొచ్చాడు. దానికి జీను వెయ్యలేదు.

ఎక్కిన వెంటనే ప్రపంచం ఊగింది. నేల ఇంత దూరమా? తొడలు వణికాయి. పిల్లగుర్రం చెవులు వెనక్కి తిప్పి, మీద ఎవరో ఉన్నారని మొదటిసారి తెలిసినట్టు, ఆగి విన్నది.

“ఎటు సూత్తే అటే పోతావు. కింద సూడకు” అన్నాడు గురువులు. “ఒంట్లోది వణకనీ. దానికీ తెలియాలి గదా, మీదున్నది మనిసని. జారితే సేతులు సాపకు. గెడ్డం గుండెకానించు. బుజం మీద దొర్లు. బయపడు తల్లీ, పర్నేదు. బయపడు.”

ఆమె భయపడింది. కాకిమలుపు కళ్ళ ముందుకు వచ్చింది. భాస్కరం ఎర్ర కండువా, గాల్లో ఒక్క క్షణం ఆగిన అతని చెయ్యి, ఆమె వైపే చాపిన చెయ్యి. పిల్లగుర్రం మలుపు తిరిగింది. ఆమె తిరగలేదు.

గడ్డి వాసన, దుమ్ము, భుజం కింద నేల. ముందు నొప్పి వచ్చింది. తర్వాత, ఆరేళ్ళ కిందట సగంలో ఆగిన ఊపిరి మిగతా సగం వచ్చింది. దాని వెనక ఒక అరుపు, ఆమెదేనని ఆమెకే తెలియనంత పాత అరుపు, మంచులోకి వెళ్ళి కొండలకు తగిలి తిరిగొచ్చింది. కోళ్ళు చెదిరిపోయాయి.

అరుపు విని రౌతులు కంచె దాకా వచ్చారు. వరసగా, నిటారుగా, అందంగా నిలుచున్నారు. ఒక్కరూ కంగారుపడలేదు. ఒక్కరూ జాలిపడలేదు. కాంచన కూడా చూస్తోంది. ఆమె చెవి వెనక ఏదో గొంతు, బహుశా అప్పుడే, ‘ఆపాను’ అని ఉంటుంది.

గురువులు చెయ్యి అందించబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

హైమవతి ఏడుస్తూనే మోకాళ్ళ మీద లేచింది. గడ్డి మీద కాలు జారి మళ్ళీ పడింది. మళ్ళీ లేచింది. ఎవరూ పట్టుకోని ఒళ్ళు అటూ ఇటూ తూలుతుండగా, ముక్కు చీదుకుంటూ, మెల్లగా, నిలబడింది.