కాస్త ఆయాసం

పైడిరాజు మణికట్టు దగ్గర నాడి వెతికి పట్టుకుని, డాక్టర్ నస్రీన్ సన్నటి సూదితో రక్తం తీసింది. గాలి చొరబడకుండా సిరంజికి వెంటనే మూత బిగించింది. బయటి గాలి తగిలిందా, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ లెక్క తప్పిపోతుంది.

"నలభై దగ్గర ఉండాల్సింది అరవై దాటింది తాతా."

"అంటే ఏటి డాక్టరమ్మా?"

"గోళీసోడా తాగావా ఎప్పుడైనా?"

పైడిరాజు ముఖం విప్పారింది. తాగకపోవడమా! భీమిలి తీరాన్ని సముద్రం మింగేయక ముందు, చెడుగుడు గెలిచిన ప్రతి సాయంత్రం తాగాడు. ఒక్క కూతలో నలుగురిని కొట్టి వచ్చే పైడిరాజు అంటే ఆ ఇసుకంతా పేరు. ఎంత చల్లటి సాయంత్రాలవి!

"సోడాకి ఆ చురుకు తెచ్చే గ్యాసే ఇది. ఊపిరితిత్తులు బయటికి తోసెయ్యలేకపోతే పేరుకుపోయి రక్తాన్ని ఆమ్లంగా మార్చేస్తుంది. నీ ఆయాసం అందుకే."

"అది తీసీగలిగితే మళ్ళీ కూత పెట్టగలనా? సచ్చేలోగా ఒక్కపాలి సాలు."

నస్రీన్ నవ్వి, అతని నడుముకి బెల్టులాంటి యంత్రం కట్టింది. దాని పేరు సమతూకం. సన్నటి గొట్టం గుండా రక్తాన్ని లోపలికి తీసుకుంటుంది, ఎప్పటికప్పుడు కార్బన్ డయాక్సైడ్ కొలుస్తుంది, ఎక్కువైనంత వడకట్టి మిగతాది తిరిగి పంపుతుంది. ఇక సూదులక్కర్లేదు.

నెల తిరక్కుండానే పైడిరాజు ఎక్కడా ఆగకుండా కరకట్ట మెట్లన్నీ ఎక్కేశాడు. పోయిన తీరానికి బదులు నగరపాలక సంస్థ వాళ్ళు కట్ట మీద ఇసుక పరిచారు. అక్కడ గవరయ్య, మరి కొందరు ముసలాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. వయసులో ఉన్నప్పుడు గవరయ్యది ఎదుటి జట్టు. పైడిరాజుని ఒక్కసారైనా పట్టుకోవాలని పడరాని పాట్లు పడ్డవాడు.

గీత గీశారు. పైడిరాజు కూత అందుకున్నాడు. ఊపిరి పొదుపుగా వాడే పాత విద్యేమీ మరిచిపోలేదు. కూత సాగుతూనే ఉంది. పూర్వం గుండెల్లో మంట పుట్టగానే గీత వైపు తిరిగేవాడు. ఇవాళ మంట లేదు. ఆనందంతో ఇంకా లోపలికి వెళ్ళాడు. ఉన్నట్టుండి కళ్ళు చీకట్లు కమ్మి, నిలువునా కూలిపోయాడు.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి పక్కన గవరయ్య ఏడుస్తున్నాడు.

"నీ కూత సన్నబడితే పట్టీసుకుందునురా! అది సన్నబడనే లేదు. నువ్వే పడిపోనావు."

నస్రీన్ యంత్రం చూసింది. అంకె నలభై దగ్గరే ఉంది.

"ఊపిరి తీసుకో తీసుకో అని తొందరపెట్టేది ముఖ్యంగా ఆ గ్యాసే తాతా. దాన్ని యంత్రం ఊడ్చేసింది. ఆక్సిజన్ అయిపోతున్నా నీకు తెలియలేదు. ఆట మానెయ్, అంతే."

"ఆట మానీసినోడికి ఊపిరెందుకమ్మా? నాకు కాస్త ఆయాసం వదిలీ తల్లీ."

ఆయాసం పోగొట్టడానికే యవ్వనమంతా ల్యాబ్‌లో ధారపోసి ఆ యంత్రాన్ని తయారుచేసిన నస్రీన్‌కి ఆ మాటతో మనసు చివుక్కుమంది. అయినా కాదనలేకపోయింది. అంకె కాస్త పెరిగాక, గ్యాస్ తీసేసే ముందు యంత్రం అతన్ని అడిగేట్టు, అతను వద్దంటే ప్రమాదం రానంతవరకూ ఊరుకునేట్టు మార్చి, రెండు బటన్లు పెట్టింది.

మళ్ళీ గీత గీసిన రోజు ఆమె కూడా వచ్చి కట్ట మీద కూర్చుంది. పైడిరాజు కూత పెట్టాడు. కాసేపటికే గుండెల్లో ఆ పాత మంట రాజుకుంది. ఎన్నాళ్ళకొచ్చావు అనుకుంటూ గీత వైపు తిరిగాడు. కూత సన్నబడింది. గవరయ్య అది విన్నాడు. ఒక్క ఉదుటున వచ్చి నడుం పట్టేశాడు.

ఇద్దరూ ఇసుకలో పడ్డారు.

"పట్టీసినాన్రా!" అని గవరయ్య చిన్నపిల్లాడిలా అరిచాడు.

పైడిరాజు ఎగశ్వాసతోనే పడీపడీ నవ్వుతున్నాడు. నడుం దగ్గర యంత్రం మర్యాదగా అడిగింది: "ఆయాసం తొలగించమంటారా?"

అతను తడుముకుని వద్దు అనే బటన్ నొక్కాడు.